లేత్‌కు సొంతంగా కట్టుకునే మిల్లింగ్ హెడ్‌కు ఏ మోటారు పెట్టాలి?

మర్రిపాలెం షెడ్డు:
అందరికీ నమస్కారం. ఫిట్టర్‌గా రిటైరయ్యాక ఇంటి వెనుక షెడ్డులో ఒక పాత లేత్ పెట్టుకున్నాను. షాఫ్టులకు కీవేలు (కీ కూర్చునే గాడులు) కోయాలన్నా, ఫ్లాట్ (చదునైన ముఖం) తీయాలన్నా జాబును (కోయవలసిన ముక్కను) గాజువాక ఆటోనగర్ దాకా మోసుకుపోవలసి వస్తోంది కనుక, బెడ్ వెనుక వైపు నిలువు కాలమ్ బిగించి, దానిపై ఈఆర్ 25 కొలెట్ (కట్టర్‌ను బిగించి పట్టే గొట్టం) పట్టే స్పిండిల్‌ను (తిరిగే ఇరుసును) అమర్చి, జాబును క్రాస్ స్లైడ్ (లేత్‌పై అడ్డంగా జరిగే భాగం) మీద పట్టుకుని, తిరిగే కట్టర్‌తో మిల్లింగ్ చేయాలని నిర్ణయించుకున్నాను. వాడేవి 6 నుంచి 16 మి.మీ. వరకు హైస్పీడ్ స్టీల్ ఎండ్‌మిల్ కట్టర్లు. పని ఎక్కువగా మైల్డ్ స్టీల్ మీద, అప్పుడప్పుడు అల్యూమినియం మీద ఉంటుంది. ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటు. చేతిలో 1 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం కెపాసిటర్ మోటారు ఉంది. దాన్నే పెట్టమని కొందరు, త్రీ ఫేజ్ మోటారుకు వీఎఫ్‌డీ డ్రైవ్ (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని మార్చే పరికరం) జతచేయమని మరికొందరు చెబుతున్నారు. కారణాలతో సహా మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

కంచరపాలెం వైండింగ్:
మాస్టారూ, ఉన్న మోటారే పెట్టండి. మూడు మెట్ల పుల్లీలు రెండు తిరగేసి బిగిస్తే మీకు కావలసిన మూడు వేగాలూ వస్తాయి. నేను చాలా ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను. కెపాసిటర్ పోతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, వైండింగ్ కాలితే రెండు రోజుల్లో తిరిగి చుట్టి ఇస్తాం. డ్రైవ్ కార్డు (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) పోతే మాత్రం, బాగుచేసేవాడు దొరికేలోపు పని ఆగిపోతుంది. పైగా మన ఊరి ఉప్పుగాలి, దానికి తోడు షెడ్డులో ఎగిరే సన్నని ఇనుప పొడి, రెండూ కార్డులకు శత్రువులే. కట్టర్ ఎక్కడైనా ఇరుక్కుంటే బెల్టు జారిపోయి కట్టర్‌ను కాపాడుతుంది. ఆ మేలు ఏ డ్రైవ్ కోసమూ వదులుకోకూడదు.

గోపాలపట్నం మిల్లర్:
వైండింగ్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయితే మనం మోటారు దగ్గర కాక, కట్టర్ మొన దగ్గర లెక్క మొదలుపెట్టాలని నా మనవి. మైల్డ్ స్టీల్‌కు హైస్పీడ్ స్టీల్ కట్టర్ అంచు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో నడవాలి. అంటే 16 మి.మీ. కట్టర్‌కు 500, 10 మి.మీ. కట్టర్‌కు 800, 6 మి.మీ. కట్టర్‌కు 1300 ఆర్‌పీఎం కావాలి. ఇప్పుడు 10 మి.మీ. కట్టర్‌తో 1 మి.మీ. లోతున పూర్తి వెడల్పు గాడి కోస్తున్నామనుకోండి. నాలుగు పళ్లు, ఒక్కో పంటికి 0.03 మి.మీ. చొప్పున నిమిషానికి 96 మి.మీ. ఫీడ్ వస్తుంది, తీసే లోహం సెకనుకు 16 ఘన మి.మీ. మైల్డ్ స్టీల్‌లో ఒక ఘన మిల్లీమీటరు తీయడానికి దాదాపు 3 జౌళ్ల శక్తి పడుతుంది, ఇంత సన్నని చిప్‌కు ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఎంత ఉదారంగా వేసినా 70 వాట్లు దాటదు. బెల్టు, బేరింగుల నష్టాలు కలిపినా అర హెచ్‌పీ, అంటే 370 వాట్ల మోటారు ధారాళంగా సరిపోతుంది. లేత్ క్రాస్ స్లైడ్ మీద ఇంతకన్నా లోతుగా కోయబోతే మోటారు ఆగడం కన్నా ముందే జాబు అదరడం మొదలవుతుంది. కాబట్టి 1 హెచ్‌పీ వల్ల కోత పెరగదు, కాలమ్ పైన బరువు మాత్రం పెరుగుతుంది. పోత ఇనుప బాడీ ఉన్న 1 హెచ్‌పీ మోటారు పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఆ బరువును కాలమ్ నెత్తిన పెడితే ప్రతి అదురూ రెట్టింపై కట్టర్‌కు చేరుతుంది.

రెండో విషయం నాకు ఇంకా ముఖ్యం. సింగిల్ ఫేజ్ మోటారు టార్కు (తిప్పే బలం) సమంగా ఉండదు, 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు పెరిగి తరుగుతుంది. గ్రైండర్‌కో, నీళ్ల పంపుకో దానితో ఇబ్బంది లేదు. కానీ పళ్లు విడివిడిగా తగిలే కట్టర్ వెనుక అది ఉంటే గాడి పక్క గోడల మీద గీతలు కనిపిస్తాయి. త్రీ ఫేజ్ మోటారు తిప్పుడు నున్నగా ఉంటుంది.

మధురవాడ హాబీ:
పాత ట్రెడ్‌మిల్ డీసీ మోటారు తేలిక, చవక కూడా. దాని సంగతి ఏమిటండీ?

గోపాలపట్నం మిల్లర్:
దాని మీద రాసి ఉండే హెచ్‌పీ చాలాసార్లు కాసేపు మాత్రమే ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి, అదీ నాలుగు వేల ఆర్‌పీఎం ప్రాంతంలో. 500కు దించితే దాని ఫ్యాన్ కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది. పైగా చాలావాటికి బాడీ తెరిచి ఉంటుంది కనుక ఇనుప రజను నేరుగా బ్రష్‌ల మీదికి చేరుతుంది. అల్యూమినియం మాత్రమే కోసేవారికైతే ఆలోచించవచ్చు.

కంచరపాలెం వైండింగ్:
100 హెర్ట్జ్ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే మిల్లర్ గారు చెప్పని చిక్కు ఒకటి ఉంది, అది తెలియక డబ్బు పోగొట్టుకున్నవారిని చూశాను. ఇక్కడ దొరికే చిన్న త్రీ ఫేజ్ మోటార్లలో ఎక్కువ భాగం 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌తో (మూడు వైండింగుల ఒక్కో కొసను ఒకచోట ముడివేసి), మూడు తీగలే బయటికి ఇచ్చి వస్తాయి. సింగిల్ ఫేజ్ మీద నడిచే మామూలు డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. ఆ మోటారును అలాగే కలిపితే తిరుగుతుంది, కానీ 50 హెర్ట్జ్ దగ్గర దాని గరిష్ఠ టార్కు మూడో వంతుకు పడిపోతుంది. కొన్నవారు డ్రైవ్ పాడని తిట్టుకుంటారు. మోటారు విప్పి, వైండింగ్ లోపల కట్టేసిన స్టార్ ముడిని వెతికి విడదీసి, ఆరు తీగలూ బయటికి తెచ్చి డెల్టా (వైండింగులను ఒకదాని కొసకు మరొకటి త్రిభుజంలా కలపడం) చేయాలి. అప్పుడు కరెంటు మోటారు నేమ్‌ప్లేటుపై రాసినదానికి సుమారు 1.7 రెట్లు అవుతుంది, డ్రైవ్‌ను ఆ కరెంటుకు తగినట్టు ఎంచుకోవాలి. డ్రైవ్ లీకేజీ కరెంటుకు ఇంట్లోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు కారితే సరఫరా ఆపే స్విచ్) ట్రిప్ కావచ్చు. అలా జరిగిందని ఎర్తు తీసేయవద్దు. అది ప్రాణంతో చెలగాటం.

ఉప్పుగాలి విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. డ్రైవ్‌ను మూత ఉన్న పెట్టెలో, లేత్‌కు దూరంగా గోడకు పెట్టాలి.

గోపాలపట్నం మిల్లర్:
డెల్టా సంగతి గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు, అది నేనే ముందుగా చెప్పి ఉండవలసింది. బెల్టు మాటలోనూ మీతో ఏకీభవిస్తున్నాను, డ్రైవ్ ఉన్నంత మాత్రాన పుల్లీ మెట్లు మానేయకూడదు. 25 హెర్ట్జ్ కన్నా కిందికి దించితే మోటారు తన ఫ్యాన్‌తో తాను చల్లబడలేదు. అందుకే రెండు మెట్లు ఉంచండి. మోటారు వేగాన్ని 1.8తో భాగించినంతకు తగ్గించే మెట్టు మీద 25 నుంచి 80 హెర్ట్జ్ వరకు తిప్పితే సుమారు 400 నుంచి 1280 ఆర్‌పీఎం వస్తుంది, ఉక్కు పనంతా అందులోనే జరుగుతుంది. సమాన పుల్లీల మెట్టు మీద అదే తిప్పుడుకు 720 నుంచి 2300 వరకు వస్తుంది, అది అల్యూమినియానికి.

మర్రిపాలెం షెడ్డు:
అర హెచ్‌పీ త్రీ ఫేజ్, పూర్తిగా మూసిన బాడీ ఉన్న మోటారే తీసుకుంటాను. కొనేముందు టెర్మినల్ పెట్టె విప్పించి ఆరు తీగలు ఉన్నాయో లేదో చూస్తాను, లేకపోతే వైండింగ్ గారి దగ్గరికే తెస్తాను. మోటారును కాలమ్ నెత్తిన కాకుండా వెనుక వైపు కింద పెడితే బరువు బెడ్ మీదికి దిగుతుంది, కానీ హెడ్ పైకి కిందికి కదిలేటప్పుడు బెల్టు బిగువు మారిపోతుంది. మోటారు ప్లేటునూ హెడ్‌నూ ఒకే స్లైడుకు బిగించి, అవతల కాలమ్ వెనుక బరువు వేలాడదీస్తే ఎలా ఉంటుందో, ఎవరైనా చేసి చూసి ఉంటే దయచేసి చెప్పండి.