42 రెయిన్ గేజ్‌ల దగ్గర రోజువారీ వాన విలువలు తీస్తుంటే పట్టిక 42×42గా వస్తోంది, తేదీలూ కలవట్లేదు

మూసీ_గట్టు అడిగిన ప్రశ్న:

హైదరాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి, వికారాబాద్ కలిపి 42 రెయిన్ గేజ్‌ల లొకేషన్లు ఒక సీఎస్‌వీలో ఉన్నాయి: గేజ్ నంబరు, అక్షాంశం, రేఖాంశం. ఈ బిందువుల దగ్గర 2001 జనవరి 1 నుంచి 2023 డిసెంబర్ 31 దాకా చిర్ప్స్ (ఉపగ్రహ, స్టేషన్ డేటా కలిపి చేసిన వాన గ్రిడ్) రోజువారీ వాన కావాలి. డేటా ఏడాదికొక నెట్‌సీడీఎఫ్ ఫైలుగా ఉంది, గడి 0.05 డిగ్రీలు. చివరికి కావాల్సింది పొడవాటి పట్టిక: గేజ్, తేదీ, మిల్లీమీటర్లు. 8,400 రోజులు గనక మొత్తం 3,52,800 వరుసలు రావాలి.

పైథాన్‌లో ఎక్స్‌ఆర్రే అనే గ్రిడ్ డేటా లైబ్రరీ వాడుతున్నాను. 'సెల్' ఫంక్షన్‌కి అక్షాంశాల లిస్టు, రేఖాంశాల లిస్టు ఇచ్చి 'నియరెస్ట్' (దగ్గరి గడి) పెడితే ప్రతి రోజుకీ 42×42 పట్టిక వస్తోంది. ఒక్కో గేజ్‌కి లూప్ తిప్పితే సరైన ఆకారమే వస్తోంది కానీ గంటలు పడుతోంది.

ఇంకో మూడు సందేహాలు. చార్మినార్ గేజ్‌కీ నాంపల్లి గేజ్‌కీ చిర్ప్స్ వాన 23 ఏళ్లూ అక్షరాలా ఒకటే వచ్చింది, ఇది తప్పా? గేజ్ రీడింగుకీ చిర్ప్స్‌కీ రోజువారీ పోలిక బాగా తక్కువగా ఉంది, పెద్ద వానలు ఒక రోజు అటూ ఇటూ పడుతున్నాయి, ఎందుకు? ఐఎండీ (భారత వాతావరణ శాఖ) 0.25 డిగ్రీల గ్రిడ్‌కి కూడా ఇదే కోడ్ వాడొచ్చా?

---

గడి_మధ్యలో జవాబు:

ముందు 42×42 సంగతి. రెండు మామూలు లిస్టులు ఇస్తే ఎక్స్‌ఆర్రే వాటిని జంటలుగా చూడదు. ప్రతి అక్షాంశాన్నీ ప్రతి రేఖాంశంతో కలిపి పూర్తి గ్రిడ్ ఇస్తుంది. మీకు కావాల్సినవి ఆ గ్రిడ్‌లో మూల నుంచి మూలకి పోయే 42 గడులు మాత్రమే. రెండు లిస్టులనూ డేటాఆర్రేలుగా మార్చి, రెండింటికీ ఒకే డైమెన్షన్ పేరు, 'గేజ్' అనుకోండి, పెట్టండి. గేజ్ నంబర్లనే దానికి కోఆర్డినేట్‌గా ఇవ్వండి. అప్పుడు ఫలితం 8,400 × 42 వస్తుంది. దాన్ని డేటాఫ్రేమ్ చేసి ఇండెక్స్ రీసెట్ చేస్తే మీ పొడవాటి పట్టిక తయారు.

'నియరెస్ట్' పెట్టిన ప్రతిచోటా 'టాలరెన్స్' (ఎంత దూరం దాకా వెతకాలో ఆ హద్దు) కూడా పెట్టండి. సగం గడి 0.025 గనక 0.026 సరిపోతుంది. ఇది లేకపోతే బిందువు మ్యాపు బయట ఉన్నా ఎర్రర్ రాదు, అంచున ఉన్న గడి విలువ తెచ్చి చేతిలో పెడుతుంది. అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయనుకోండి: అక్షాంశం 78, రేఖాంశం 17 అంటే ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దగ్గర. చిర్ప్స్ ఉత్తరాన 50 డిగ్రీల దాకానే ఉంటుంది. అందుకని దాని చివరి వరుస 49.975 దగ్గర గడి తీసుకుంటుంది, అది చెక్ దేశంలో పడుతుంది. అక్కడి వాన హైదరాబాద్ గేజ్ పేరు మీద మీ పట్టికలో చేరుతుంది, అంకెలు చూస్తే అనుమానం కూడా రాదు. టాలరెన్స్ ఉంటే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

వేగం సంగతి. ప్రపంచం మొత్తం మ్యాపు 7,200 × 2,000 గడులు, విప్పితే రోజుకి 57.6 ఎంబీ. 8,400 రోజులంటే 480 జీబీ పైమాటే. గేజ్ గేజ్‌కీ లూప్ తిప్పితే ఈ ఫైళ్లన్నిటినీ 42 సార్లు తెరుస్తున్నట్టు. ముందు మీ ప్రాంతం వరకు కోసి పెట్టుకోండి: అక్షాంశం 16.5 నుంచి 18.25, రేఖాంశం 77.5 నుంచి 79.25. ఇది 35 × 35 గడులు, 23 ఏళ్లకీ కలిపి దాదాపు 41 ఎంబీ. ఒక్కో ఏడాది ఫైలు తెరవడం, కోయడం, చిన్న ఫైలుగా రాయడం, మూసేయడం. చివర్లో 23 చిన్న ఫైళ్లనూ కలిపి మెమరీలోకి లోడ్ చేశాక బిందువుల విలువలు తీయండి. లూప్ అవసరమే ఉండదు, పని క్షణాల్లో అయిపోతుంది.

కోసేటప్పుడు ఒకటి చూసుకోండి. అక్షాంశాలు కొన్ని ఫైళ్లలో దక్షిణం నుంచి ఉత్తరానికి, కొన్నిట్లో ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటాయి. స్లైస్‌ని ఉల్టా ఇస్తే ఖాళీ మ్యాపు వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. కోసిన వెంటనే సైజు 35 × 35 ఉందో లేదో ప్రింట్ చేసి చూడండి.

---

నల్లరేగడి జవాబు:

పై జవాబులో కోడ్ సంగతి అయిపోయింది కాబట్టి గడుల గురించి చెబుతాను. ఈ పనిలో అసలు తప్పులు దొర్లేది ఇక్కడే.

చార్మినార్ అక్షాంశం 17.3616, నాంపల్లి స్టేషన్ దాదాపు 17.392. రేఖాంశాలు 78.475, 78.467. చిర్ప్స్ గడుల అంచులు 0.05 గుణిజాల మీద ఉంటాయి. 17.35 నుంచి 17.40, 78.45 నుంచి 78.50 మధ్య ఉన్న గడిలోనే రెండూ పడతాయి. గడి వెడల్పు సుమారు అయిదున్నర కిలోమీటర్లు. విలువలు ఒకటే రావడం సరైనదే, అలా రాకపోతేనే కంగారు పడాలి. అయితే విశ్లేషణలో వాటిని రెండు వేర్వేరు గ్రిడ్ నమూనాలుగా లెక్కించొద్దు. 42 గేజ్‌లకీ ఏ గడి వచ్చిందో, గడి మధ్య బిందువు అక్షాంశ రేఖాంశాలను కూడా పట్టికలో ఒక కాలమ్‌గా రాసుకోండి. వేర్వేరు గడులు ఎన్నో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఐఎండీ 0.25 డిగ్రీలది చూడండి. అందులో 6.5 నుంచి 38.5 దాకా, 66.5 నుంచి 100 దాకా ఉన్న అంకెలు గడుల మధ్య బిందువులు, అంచులు కావు. కాబట్టి 17.25 గడి 17.125 నుంచి 17.375 దాకా, 17.5 గడి 17.375 నుంచి 17.625 దాకా. చార్మినార్ మొదటి దాంట్లో పడుతుంది, నాంపల్లి రెండో దాంట్లో. చిన్న గడుల చిర్ప్స్‌లో కలిసి ఉన్నవి పెద్ద గడుల ఐఎండీలో విడిపోతాయి.

మీకు ఇదే మంచి పరీక్ష. ఐఎండీ బైనరీ ఫైలుని జియోటిఫ్‌గా (స్థానం వివరాలున్న మ్యాపు ఫైలుగా) మార్చేటప్పుడు చాలామంది పడమటి అంచు 66.5 అని రాస్తారు. అది 66.375 ఉండాలి, ఉత్తరపు అంచు 38.625 ఉండాలి. తప్పు రాస్తే మ్యాపు మొత్తం సగం గడి, అంటే ఇంచుమించు 14 కిలోమీటర్లు జరుగుతుంది. అప్పుడు గడి అంచులు 17.25, 17.5 అయిపోయి చార్మినార్, నాంపల్లి రెండూ ఒకే గడిలోకి వస్తాయి. ఐఎండీలో కూడా ఆ రెంటికీ ఒకే వరుస వచ్చిందంటే మీ మ్యాపు జరిగిందన్నమాట. అలాగే అందులో డేటా లేని గడికి -999 ఉంటుంది, చిర్ప్స్‌లో -9999. ఏదైనా లెక్క మొదలుపెట్టేముందే వాటిని తీసేయండి.

లొకేషన్ అంకెలను రెండు దశాంశాలకి కుదించి ఉంటే అసలు అంకెలు అడిగి తెచ్చుకోండి. బేగంపేట విమానాశ్రయం అక్షాంశం 17.453. దాన్ని 17.45 అని రాస్తే సరిగ్గా చిర్ప్స్ గడి గీత మీద కూర్చుంటుంది. పైగడి వస్తుందా కిందిగడి వస్తుందా అనేది ఆ సాఫ్ట్‌వేర్ దశాంశాలను ఎలా దాచుకుందో దాని మీద ఆధారపడుతుంది.

యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) వాడుతుంటే ఇంకో మెలిక ఉంది. 78 డిగ్రీల రేఖ మీ ప్రాంతం మధ్యలోంచే పోతుంది. హైదరాబాద్ 44వ జోన్, వికారాబాద్, జహీరాబాద్ 43వ జోన్. రెండు జోన్ల అంకెలు ఒకే ఫైల్లో కలిపేస్తే కొన్ని గేజ్‌లు వందల కిలోమీటర్ల అవతల పడతాయి. అందరివీ అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చి ఉంచడం మేలు.

నియరెస్ట్ బదులు బైలీనియర్ వాడమని ఎవరైనా చెబితే వానకి మాత్రం వద్దనే అంటాను. పక్క గడుల సగటు వల్ల పెద్ద వాన తగ్గిపోతుంది, వాన లేని రోజున కూడా కొద్దిపాటి తుంపర కనబడుతుంది. ఉష్ణోగ్రతకి పర్వాలేదు.

---

ఎనిమిదిన్నర జవాబు:

తేదీల తేడాకి కారణం గడియారం. మన దగ్గర గేజ్ వాన ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా కొలిచి, కొలిచిన రోజు తేదీ మీద రాస్తారు. 2020 అక్టోబర్ 13 సాయంత్రం, రాత్రి హైదరాబాద్‌ని ముంచిన వాన ఐఎండీ లెక్కలో 14వ తేదీ కిందికి వస్తుంది. యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రోజుతో నడిచే ఉపగ్రహ డేటాలో అదే వాన 13 కింద ఉంటుంది, ఎందుకంటే యూటీసీ రోజు మన గడియారంలో 5:30కి మొదలై మర్నాడు 5:30కి ముగుస్తుంది. మీ పట్టికలో ఈ రెండు తేదీలూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఏది ఎటు జరిగిందో తెలిసిపోతుంది. తర్వాత గేజ్ వరుసని ఒక రోజు ముందుకి, ఒక రోజు వెనక్కి జరిపి మూడు పోలికలూ లెక్కేయండి.

అయినా చిర్ప్స్ రోజువారీ అంకెల మీద మరీ బరువు మోపొద్దు. దాని అసలు లెక్క అయిదు రోజులకొకసారి, అంటే పెంటాడ్. ఆ మొత్తాన్నే తర్వాత రోజులకి పంచుతారు. 1–5, 6–10, 11–15, 16–20, 21–25, 26 నుంచి నెలాఖరు: ఈ ఆరు ముక్కలుగా రెండు వరుసలనూ కూడి పోల్చండి, పోలిక బాగా మెరుగవుతుంది. కూడేటప్పుడు గేజ్ రీడింగ్ లేని రోజులు సున్నాగా మారిపోకుండా చూసుకోండి. ఎక్స్‌ఆర్రే, పాండాస్ రెండింటిలోనూ అన్నీ ఖాళీ అయితే మొత్తం సున్నా వస్తుంది. 'మిన్ కౌంట్' పెట్టి, ఆ ముక్కలో ఉన్న రోజులన్నీ ఉంటేనే మొత్తం ఇచ్చేలా చేయండి. లేకపోతే గేజ్ చెడిపోయిన వారం కరువు వారంగా కనబడుతుంది.

నిజంగా రోజువారీ పోలికే కావాలంటే ఐమెర్గ్ (నాసా ఉపగ్రహ వాన డేటా) అరగంట డేటా తీసుకుని, యూటీసీ 3 గంటల నుంచి మర్నాడు 3 గంటల దాకా 48 ముక్కలు కూడండి. అదే మన 8:30. అందులో విలువ గంటకి మిల్లీమీటర్లలో ఉంటుంది, ఒక్కో ముక్కనీ 0.5తో గుణించాలి. దాని ఫైల్లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఉంటుంది. మ్యాపు పక్కకి తిరిగి కనబడితే అదే కారణం.

చిర్ప్స్‌లో భూమ్మీది స్టేషన్ల డేటా కూడా కలుపుతారు. మీ గేజ్‌లలో ఏవైనా అందులో చేరి ఉంటే ఆ గేజ్‌లతో చేసిన పరీక్ష స్వతంత్ర పరీక్ష అవదు.

---

మూసీ_గట్టు:

డైమెన్షన్ పేరు ఒకటే పెట్టగానే 8,400 × 42 వచ్చింది. ఐఎండీలో చార్మినార్, నాంపల్లి ఒకేలా వచ్చాయి, పడమటి అంచు 66.5 అనే రాసి ఉంది. 66.375, 38.625 పెట్టాక విడిపోయాయి. చాలా థ్యాంక్స్ అండి. ఇదే పని మా టీంలో పైథాన్ రానివాళ్లు క్యూజీఐఎస్‌లో (మ్యాపుల సాఫ్ట్‌వేర్) చేయగలరా?

---

నల్లరేగడి:

ఒక నెలకో, ఒక సీజన్‌కో అయితే చేయొచ్చు. రాస్టర్లని (గడుల మ్యాపు ఫైళ్లని) వర్చువల్ రాస్టర్‌గా కట్టండి, ప్రతి ఫైలూ వేరే బ్యాండ్‌లోకి వెళ్లే ఆప్షన్ టిక్ చేయండి. తర్వాత 'శాంపిల్ రాస్టర్ వాల్యూస్' టూల్‌కి గేజ్ పొర ఇవ్వండి. ఫైలు పేర్లలో రోజు 1, 10, 100, 2 అని ఉంటే బ్యాండ్లు కూడా అదే వరుసలో పడతాయి, కాబట్టి 001, 002 అని పేర్లు మార్చాకే కట్టండి. ఫలితాన్ని షేప్‌ఫైల్‌గా సేవ్ చేయొద్దు. అందులో 255 కాలమ్‌లు మించవు, ఒక ఏడాది 365 రోజులు అందులో పట్టవు. జియోప్యాకేజీ గానీ సీఎస్‌వీ గానీ వాడండి.

23 ఏళ్లకీ పైథాన్ లేకుండా కావాలంటే గ్రాస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో 'టి.రాస్ట్.వాట్' మంచిది. ప్రతి తేదీకీ వేరే వరుస రాయగలదు. 'వి.వాట్.ఎస్‌టీఆర్‌డీఎస్' అయితే తేదీకొక కాలమ్ చేరుస్తుంది, 8,400 కాలమ్‌లకి దాని డేటాబేస్ ఎస్‌క్యూలైట్ ఒప్పుకోదు, దాని మామూలు హద్దు 2,000. మ్యాపులు రిజిస్టర్ చేసేటప్పుడు మొదటి తేదీ, ఒక రోజు అంతరంతో పాటు ఇంటర్వల్ ఫ్లాగ్ కూడా ఇవ్వండి. విలువలు తీసేముందు రీజియన్‌ని (గ్రాస్ పనిచేసే ప్రాంతం హద్దుల్ని) రాస్టర్‌కి సరిపెట్టండి.