ఉనిరియా ఉర్జిచేని: లీగ్ గెలిచిన రెండేళ్లకే క్లబ్ ఎందుకు మూతపడింది?

బెజవాడ ఫుట్‌బాల్:
యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ పాత టేబుల్స్ చూస్తుంటే 2009-10లో గ్రూప్ జీలో సెవిల్లా, స్టుట్‌గార్ట్, రేంజర్స్ పక్కన ఉనిరియా ఉర్జిచేని అని రొమేనియా టీమ్ కనపడింది. రేంజర్స్‌ని వాళ్ల సొంత గ్రౌండ్ ఐబ్రాక్స్‌లోనే 4-1తో కొట్టారు. తీరా వెతికితే 2011కల్లా క్లబ్బే లేదు. అసలు ఏం జరిగింది? రొమేనియా లీగ్ సంగతులు తెలిసినవాళ్లు మన గుంటూరు, విజయవాడ వైపు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. అలాంటి టీమ్ రెండేళ్లలో మాయమైపోవడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు.

బ్రాడీపేట వింగర్:
అన్నా, ఆ టీమ్ అంటే నాకు ప్రాణం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఉర్జిచేని రొమేనియా రాజధాని బుకారెస్ట్‌కి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, జనాభా ఇరవై వేలు కూడా ఉండదు, మన నూజివీడు కన్నా బాగా చిన్నది. 2006లో మొదటిసారి ఫస్ట్ డివిజన్‌కి వచ్చారు. కోచ్ డాన్ పెట్రెస్కు, ఒకప్పుడు చెల్సీకి రైట్ బ్యాక్ ఆడినవాడు. 2008లో రొమేనియా కప్ ఫైనల్‌కి వెళ్లి సీఎఫ్ఆర్ క్లుజ్ చేతిలో ఓడిపోయారు, మరుసటి ఏడాది ఏకంగా లీగే కొట్టేశారు. పెద్ద స్టార్లు ఎవరూ లేరు, గోల్‌లో లిథువేనియా వాడు అర్లౌస్కిస్, ముందు బిలాష్కో, మిగతావాళ్లంతా పరిగెత్తి పరిగెత్తి ఆడేవాళ్లు.

ఛాంపియన్స్ లీగ్‌లో ఐబ్రాక్స్ మ్యాచ్ గురించే అందరూ చెప్తారు కానీ నాకు ఇప్పటికీ బాధగా ఉండేది స్టుట్‌గార్ట్‌లో జరిగిన చివరి మ్యాచ్. అప్పటికే సెవిల్లాని 1-0తో గెలిచి 8 పాయింట్ల మీద ఉన్నారు, డ్రా చేసుకుంటే చాలు నాకౌట్‌కి వెళ్లిపోతారు, అలాంటిది మొదటి పదకొండు నిమిషాల్లోనే మూడు గోల్స్ తిన్నారు, అందులో ఒకటి కొట్టింది స్టుట్‌గార్ట్‌లో ఆడుతున్న రొమేనియా వాడే, మారికా. 3-1తో ఓడి, దాని కింది టోర్నీ యూరోపా లీగ్‌కి దిగి అక్కడ లివర్‌పూల్ చేతిలో పోయారు.

ఆ డిసెంబర్‌లోనే పెట్రెస్కు రష్యాలో కుబాన్ క్రాస్నోదార్‌కి వెళ్లిపోయాడు. అయినా ఆ సీజన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు చూడు, టీమ్ అంత గట్టిది. అసలు దెబ్బ 2010 వేసవిలో పడింది. యజమాని బుక్‌శారు డబ్బు పెట్టడం ఆపేశాడు, ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది ఒకేసారి స్టెవా బుకారెస్ట్‌కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో 2010-11 ఆడితే రెలిగేట్ అయ్యారు, అంటే కింది డివిజన్‌కి పడిపోయారు, సెకండ్ డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే క్లబ్ మూసేశారు. ఛాంపియన్స్ లీగ్ ఆడిన టీమ్‌ని అలా వదిలేయడం చాలా అన్యాయం, ఎవరు ఎన్ని చెప్పినా నా మాట ఇదే.

పటమట డిఫెండర్:
తమ్ముడు అన్నీ కరెక్ట్‌గానే చెప్పాడు, కానీ తప్పంతా యజమాని మీద వేస్తే నేను ఒప్పుకోను. ఉర్జిచేని స్టేడియంలో పట్టేది ఏడు వేల మంది. ఛాంపియన్స్ లీగ్‌కి అది పనికిరాదు కాబట్టి హోమ్ మ్యాచ్‌లన్నీ బుకారెస్ట్‌లో స్టెవా వాళ్ల గెంచా స్టేడియంలో ఆడారు. అంటే ఆ ఊరి చరిత్రలోనే పెద్ద రాత్రులు ఆ ఊళ్లో జరగలేదు. టికెట్ల డబ్బుతో బతికే పరిస్థితి మొదటినుంచీ లేదు, ఒక్కడి జేబు మీద నడిచింది. ఆ జేబు మూసుకున్న రోజు పట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. నేను చూసేది ఆయన ఎందుకు ఆపాడని కాదు, ఆయన తర్వాత ఎవరు అన్న ఏర్పాటు ఒక్కటీ లేకుండా అంత దూరం ఎలా వెళ్లనిచ్చారని.

కొత్తపేట గోలీ:
రొమేనియాలో ఇది కొత్త కాదండీ. విక్టోరియా బుకారెస్ట్ అని ఇంకో క్లబ్ ఉండేది, అప్పటి హోం శాఖ, పోలీసుల అండతో నడిచింది. 1988-89లో యుఎఫా కప్ (ఇప్పటి యూరోపా లీగ్) క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి డైనమో డ్రెస్డెన్ చేతిలో ఓడింది. 1989 డిసెంబర్‌లో రొమేనియా నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలింది, 1990 జనవరిలో సీజన్ మధ్యలోనే ఆ క్లబ్‌ని రద్దు చేశారు. చౌషెస్కు పుట్టిన స్కోర్నిచెస్తి ఊరి టీమ్ ఎఫ్‌సీ ఓల్ట్‌ని కూడా అప్పుడే ఫస్ట్ డివిజన్ నుంచి తీసేశారు. ఉర్జిచేనిది రాజకీయం కాదు, పూర్తిగా డబ్బు సంగతే, రెండూ ఒకటని నేను అనట్లేదు. కానీ ఆ మైదానాల్లో చెమటోడ్చిన కుర్రాళ్లకి మాత్రం రెండు చోట్లా మిగిలింది ఒకటే కదండీ.

బెజవాడ ఫుట్‌బాల్:
అందరికీ చాలా థాంక్స్. స్టుట్‌గార్ట్ మ్యాచ్ ఇవాళే వెతికి చూస్తా. ఆ పెట్రెస్కు, ఆ గోల్‌కీపర్ తర్వాత ఏమయ్యారో ఎవరికైనా తెలుసా?

బ్రాడీపేట వింగర్:
తెలుసన్నా. పెట్రెస్కు తర్వాత సీఎఫ్ఆర్ క్లుజ్‌కి కోచ్‌గా వచ్చి మళ్లీ లీగ్ టైటిళ్లు గెలిచాడు, 2008లో కప్ ఫైనల్లో తనని ఓడించిన క్లుజ్‌కే. అక్కడ ఆయనకి గోల్‌కీపర్ మళ్లీ అర్లౌస్కిసే.