నిజాం కాలం నాటి జాల్నా మానసిక ఆసుపత్రి: ప్లాన్ గానీ ఫొటో గానీ ఎవరి దగ్గరైనా ఉందా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం. పాత మానసిక ఆసుపత్రుల కట్టడాల మీద థీసిస్ చేస్తున్న. (“ముందు నిన్నే ఎర్రగడ్డకు పంపాలె” అన్న జోకు ఇంట్లో అయిపోయింది, ఇక్కడ వద్దు ప్లీజ్.)

అమెరికా సమాచారం బాగానే దొరికింది. కిర్క్‌బ్రైడ్ అనే డాక్టర్ 1854లో ఈ భవనాలు ఎట్లా కట్టాలో ఒక పుస్తకమే రాశాడు. మధ్యలో ఆఫీసు బ్లాకు, రెండు వైపులా మెట్లు మెట్లుగా వెనక్కి జరుగుతూ పోయే వార్డులు. ఒకదానికొకటి అడ్డం రావు కాబట్టి అన్నిటికీ గాలి, వెలుతురు. 250 మందికి మించి ఉంచొద్దన్నాడు. బఫెలోలో రిచర్డ్‌సన్ డిజైన్ చేసిన ఆసుపత్రి ఇదే పద్ధతిలో కట్టింది, 1880లో తెరిచారు. 2017లో అందులో కొంత భాగం హోటల్ అయింది. కూల్చకుండా వాడుకోవడం మంచిదే, కానీ పేషెంట్లు ఉన్న చోట హనీమూన్ అంటే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

చిక్కంతా మన దగ్గరే. నిజాం రాజ్యపు మానసిక ఆసుపత్రి జాల్నాలో ఉండేది, 1953లో ఎర్రగడ్డకు మారింది. జాల్నా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది గానీ, అప్పట్లో మన రాజ్యమే కదా. మీ తాతలు, నాయనమ్మలు ఎవరైనా అక్కడ పనిచేశారా? వార్డులు ఒకే వరుసలో ఉండేవా, విడివిడిగానా? కిటికీలు ఎంత ఎత్తులో ఉండేవి? మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేరే ఆవరణలా?

కాగితాలు ఉర్దూలో ఉన్నా ఫర్వాలేదు, మా తాత చదివి చెప్తడు. రోగుల పేర్లు, ఇంటి విషయాలు మాత్రం వద్దు. వచ్చే నెలలో గైడ్‌కు డ్రాయింగులు చూపించాలి, అదే టెన్షన్.