‘అలోకంబగు పెంజీఁకటి’: అలోకమా, ఆలోకమా?

ప్రశ్న: గజేంద్రమోక్షంలో పోతన కందం ఇది.

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకం బగు పెం
జీఁకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్

‘అలోకం’ అంటే లోకం లేనిదా, వెలుతురు లేనిదా? ‘తుది నాలోకంబగు’ అని దీర్ఘం తీసినా తప్పులేదా? నాలుగో పాదంలో ‘ఏ ఆకృతి’ అనుకోవచ్చా?

జవాబు: దీర్ఘం కుదరదండీ. రెండో పాదాన్ని గణాలుగా విడదీయండి: లోక(స్) | స్థులుఁదెగి | నఁదుదిన | లోకం | బగుపెం. ఒక్కోటి నాలుగు మాత్రలు. మూడోది నలం (నాలుగూ లఘువులే), కందంలో ఆ చోట నలమో జగణమో (లఘువు, గురువు, లఘువు) తప్ప పడదు. చివరి ‘న’ని ‘నా’ చేశారా, ఐదు మాత్రలై గణం చెడుతుంది. అర్థమూ తలకిందులే, ఆలోకమంటే వెలుగు కదా! నిషేధం చెప్పే అకారం ‘తుదిన్’లోని నకారంతో కలిసిపోయింది, యతి స్థానంలో ‘లో’ నిలిచింది. చెవికి ‘లోకంబగు’ అనే తగులుతుంది కాబట్టి పాడేవాళ్లు అక్కడ జారుతుంటారు.

‘ఏ ఆకృతి’ కూడా కాదు. ఏ + ఆకృతి ‘ఏయాకృతి’ అవుతుంది, ప్రాస పోతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘క’ ఉండాలి. ఎవ్వండు + ఏక + ఆకృతిన్, అంతే. యతి కూడా ఏ-ఏ: రెండో చోట అతనిన్ + ఏన్.

మరొకరు: మాస్టారు ఛందస్సు తేల్చేశారు, అర్థం గురించి నాదో మాట. లోకానికి మూలం ‘చూడడం’ అనే ధాతువు. అవలోకనం, విలోకనం అందులోంచి వచ్చినవే. చూడబడేది లోకం. అలాంటప్పుడు అలోకమంటే లోకం లేనిది, చూపుకు అందనిది, రెండూనూ. అయినా ముందు ‘తెగినన్’ ఉంది కాబట్టి లోకాలు నశించాక మిగిలిన స్థితి అన్నదే మొదటి అర్థమని నా ఉద్దేశం. ‘పెంజీకటి’ అంటే పెన్ + చీకటి. చ జగా, నకారం సున్నగా మారాయి. కెంజాయ లాంటిదే.

ఇంకొకరు: సంస్కృత మూలాన్ని పద్యం పక్కనే పెట్టి చూస్తే పోతన ఏం చేశాడో తెలుస్తుంది. భాగవతం 8.3.5లో లోకేషు, పాలేషు, సర్వహేతుషు అని ఉంది. మొదటి రెండూ లోకంబులు, లోకేశులు అయ్యాయి. ‘సర్వహేతువులు’ వదిలి ‘లోకస్థులు’ తెచ్చాడు. ‘గహనం గభీరం’ (దట్టం, లోతు) అయిన తమస్సు ఒక్క పెంజీకటిలో ఇమిడింది. అన్నిటికంటే గమనించాల్సింది, అక్కడున్న ‘విభుః’ (ప్రభువు) ఇక్కడ లేదు. ఉన్నది ‘ఎవ్వండు’ ఒక్కటే, పేరూ లేదు పదవీ లేదు. ‘నే సేవింతున్’ మాత్రం ఆ శ్లోకంలో లేనిది.

ప్రశ్న: అన్నీ తెగాక ఆ చీకటి ఉందని మాత్రం ఎవరికి తెలియాలి?

జవాబు: సరిగ్గా పట్టుకున్నారు. ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాం. ఆ తెలియకపోవడం ఏదో రకంగా తెలిస్తేనే కదా లేచాక చెప్పగలం? అద్వైతులు సుషుప్తిలో, అంటే గాఢనిద్రలో, సాక్షి (చూస్తుండే చైతన్యం) ఉందనడానికి చెప్పే వాదం ఇదే. నైయాయికులు (న్యాయదర్శనం వాళ్లు) ఒప్పుకోరు, అది జ్ఞాపకం కాదు, లేచాక చేసుకునే ఊహ అంటారు. పద్యం అద్వైతుల వైపు మొగ్గుతుందనే నాకు తోస్తుంది, ‘అవ్వల’ అన్న మాట వల్ల. గీత 8.9లోని ‘తమసః పరస్తాత్’ (చీకటికి అవ్వల) ఇదే. అవ్వల అంటే చీకటి దాటి ఇంకో ఊరు ఉందని కాదు, చీకటి అంటని చోటని. అందుకే ‘ఏకాకృతి’కి ఒంటరి మనిషి రూపం అని చెప్పుకోకూడదు, రెండోది లేని స్వరూపమని చెప్పాలి.

చదివేటప్పుడు ‘పెం’ దగ్గర ఆగకండి. పాదం అక్కడ తెగుతుంది గానీ మాట తెగదు. ‘పెంజీఁకటి కవ్వల’ ఒక్క ఊపిరిలో రావాలి. ‘నెవ్వం’ దగ్గరా అంతే, ఆగితే ‘డేకాకృతి’ అనే కొత్త మాట పుడుతుంది.