మత్తుకి అలవాటుపడ్డ కుర్రాడి కథ రాస్తుంటే ప్రభుత్వ ప్రకటనలా వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

కంచరపాలెం కెమెరా:
అందరికీ నమస్కారం. మాది వైజాగ్. నలుగురు ఫ్రెండ్స్ కలిసి పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీద్దామని రెండు నెలలుగా కూర్చున్నాం. పాలిటెక్నిక్ చదివే కుర్రాడు, మత్తు మాత్రలు, చివర్లో బీచ్ రోడ్డు మీద శవం, అమ్మ ఏడుపు. చదివి వినిపిస్తే మా రూమ్మేట్ "హాల్లో సినిమాకి ముందేసే పొగాకు యాడ్‌లా ఉందిరా" అన్నాడు. కోపం వచ్చింది గానీ వాడన్నది నిజమే.

తర్వాత ఒకరు చెప్తే గస్ వాన్ సాంట్ 1989లో తీసిన ‘డ్రగ్‌స్టోర్ కౌబాయ్’ చూశాను. 1971 నాటి పోర్ట్‌లాండ్‌లో మందుల షాపులు దోచుకుని బతికే నలుగురి కథ. చిత్రమేంటంటే సగం సినిమాకి నవ్వొచ్చింది. మంచం మీద టోపీ పెడితే దరిద్రమని హీరో హడలిపోతాడు! నవ్వుతూనే చూశాను, అయ్యాక మాత్రం నిద్ర పట్టలేదు. దర్శకుడు ఎవర్నీ తిట్టడు, నీతి చెప్పడు. అయినా మత్తుని గొప్పగా చూపించినట్టు అనిపించదు. ఎలా? నేనేం మార్చాలి?

రీలు పిచ్చోడు:
తమ్ముడూ, సగం జవాబు ఆ కథ ఎవరిదన్న దాంట్లోనే ఉంది. ఆ సినిమాకి మూలమైన నవల రాసిన జేమ్స్ ఫోగెల్ జీవితంలో ఎక్కువ భాగం జైల్లోనే గడిపాడు. సినిమా వచ్చేనాటికి పుస్తకం అచ్చు కూడా కాలేదు. పేరొచ్చాక మారిపోయాడనుకుంటున్నావా? 2010లో సియాటెల్ దగ్గర రెడ్మండ్‌లో మందుల షాపు దోపిడీ కేసులోనే మళ్ళీ దొరికాడు, డెబ్బై దాటిన వయసులో. 2012లో జైల్లోనే పోయాడు. ఇక సినిమాలో ముసలి చర్చి ఫాదర్ వేషానికి విలియం బరోస్‌ని పెట్టుకున్నారు. హెరాయిన్ అంటే ఏంటో సొంత ఒంటికి తెలిసిన రచయిత ఆయన. 2003లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచిన ‘ఎలిఫెంట్’లోనూ అంతే, వాన్ సాంట్ పోర్ట్‌లాండ్ కుర్రాళ్ళనే తెచ్చి చాలావరకు వాళ్ళ మాటలే మాట్లాడించాడు. మీ పాలిటెక్నిక్ కుర్రాడు మాట్లాడే మాటలు ఎవరివి?

మందుల షాపు:
నాకు సినిమాల సంగతి పెద్దగా తెలీదు. కేజీహెచ్ (వైజాగ్ పెద్దాసుపత్రి) చుట్టుపక్కల పందొమ్మిదేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడుతున్నవాణ్ణి. ఈ సినిమా మా అబ్బాయి పెడితే చూశాను. మొదట్లోనే ఒకమ్మాయి షాపులో మూర్ఛొచ్చినట్టు కింద పడి కొట్టుకుంటుంది, అందరూ ఆమె చుట్టూ మూగుతారు, హీరో లోపల మందుల సొరుగులు గాలిస్తాడు. మా ఆవిడ నవ్వింది. నేను లేచి కూర్చున్నాను.

హీరో ఓచోట ఒక మాటంటాడు. మామూలు మనుషులకి ఇంకో నిమిషంలో తమకెలా ఉంటుందో తెలీదట. వీళ్ళకి తెలుసట, సీసా మీద లేబుల్ చూసుకుంటే చాలట. అక్కడ ఆపించేశాను. కౌంటర్ దగ్గర మేం గుర్తుపట్టేది కూడా దాన్ని బట్టే. నిజంగా నిద్ర పట్టని పెద్దావిడకి మాత్ర పేరు రాదు. "బాబూ, ఆ తెల్లది, సిన్నది, రాత్రేసుకునేది" అంటుంది. అలవాటుపడ్డవాడికి పేరు, కంపెనీ, ఎన్ని మిల్లీగ్రాములు, స్ట్రిప్పు రేకు ఏ రంగు, అన్నీ నోటికొచ్చు.

ఒక కుర్రాడి సంగతి రాస్తాను, పనికొస్తే వాడుకో. 2016 ప్రాంతం. రాత్రి షట్టర్ సగం దించే టైముకి వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. నీ కథలో మాసిన గడ్డం, ఎర్రకళ్ళు పెట్టే ఉంటావు, తీసెయ్. డాక్టరు చీటీ ప్లాస్టిక్ కవర్లో దాచుకుని తెచ్చేవాడు. విప్పి మడిచి, విప్పి మడిచి, ఆ కాగితం పాత గుడ్డలా మెత్తబడిపోయింది. "నాయనమ్మకండీ" అనేవాడు. ఎలా ఉన్నారమ్మా అని అడిగితే ఆవిడ బీపీ, మోకాళ్ళు, సింహాచలం మెట్లు ఎక్కలేక మధ్యలో కూలబడ్డ సంగతి, అన్నీ చెప్పేవాడు. వింటుంటే ఆవిణ్ణి ఓసారి చూడాలనిపించేది.

హెచ్‌వన్ మందులకి, అంటే నిద్రమాత్రల్లాంటి కొన్నిటికి, 2014 నుంచి విడిగా రిజిస్టరు ఉండాలి. డాక్టరు, పేషెంటు, మందు, ఎన్ని ఇచ్చాం, అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి. రాసేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు. ఓ రోజు చీటీని లైటు కింద పెడితే తేదీలో ఒకటికి నెత్తిన గీత పెట్టి ఏడు చేసినట్టు కనిపించింది. నీలం మీద కాస్త తేడా నీలం. రిజిస్టరు వెనక్కి తిప్పితే అదే పేరు నా చేతిరాతతో నాలుగుసార్లు ఉంది. అంటే నేనే ఇచ్చాను. "లేదు బాబూ" అని చీటీ వెనక్కిచ్చేశాను. అరవలేదు, బతిమాలలేదు. తల ఊపి, "అయితే ఓఆర్ఎస్ ఒకటివ్వండి" అని కొనుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్ ఎందుకు కొన్నాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

సినిమాలో నాకు నిజమనిపించింది కూడా ఈ భాగమే. మత్తెక్కాక ఆకాశంలో టోపీలు తేలడం లాంటివి నాకెక్కలేదు. కానీ పొద్దున్న లేస్తే ఎక్కడికెళ్ళాలి, ఎంత దొరికింది, ఎన్నాళ్ళొస్తుంది అని నేను స్టాకు చూసుకున్నట్టే వాళ్ళూ చూసుకుంటారు. అది ఉద్యోగం కంటే కష్టం. సెలవుండదు. తర్వాత హీరో మానేద్దామని చికిత్సలో చేరి, ఫ్యాక్టరీలో మిషన్ మీద బెజ్జాలు వేస్తాడు. ఆ విసుగుని కూడా దాచలేదు.

పెందుర్తి అక్క:
సినిమా చూళ్ళేదు గానీ, బాబాయ్ చివర్లో రాసిన ‘విసుగు’ దగ్గర ఆగిపోయాను. మా తమ్ముడిది గంజాయి. మానేసి మూడేళ్ళు దాటింది, ఆటోనగర్‌లో లేత్ పని. పని ఉన్నంతసేపూ బాగుంటాడు. సాయంత్రం ఆరయ్యాక ఏం చెయ్యాలో తోచదు. స్నానం చేస్తాడు, మళ్ళీ స్నానం చేస్తాడు.

మీ స్క్రిప్టులో అమ్మ ఏడుస్తుందన్నారు. మా అమ్మ ఏడవలేదండీ. తాళాలు కొంగుకి కట్టుకుంది. ఇత్తడి బిందె మాయమైతే ప్లాస్టిక్ బిందె కొనుక్కొచ్చి అదే చోట పెట్టింది, ఒక్క మాట అనలేదు. చుట్టాలకి టైఫాయిడ్ అని చెప్పాం. చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు తెలిసినవాళ్ళు చూస్తారని ఒక స్టాప్ ముందే దిగి నడిచేవాళ్ళం, ఎండలో, ముగ్గురం దూరం దూరంగా. ఎవరికైనా అవసరమైతే మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు. అప్పట్లో మాకా సంగతి ఎవరూ చెప్పలేదు.

కంచరపాలెం కెమెరా:
అక్కా, బిందె సంగతి మీరు ఒప్పుకుంటేనే వాడతాను. శవం సీన్ కొట్టేశాను. ఏడుపు కూడా. ఇప్పుడు కథ ఆరు నిమిషాలే మిగిలింది, మా కెమెరా వాడు అలిగాడు. బాబాయ్‌గారూ, ఒక్క డౌటు. ఆ నాయనమ్మ నిజంగా ఉండేదా?

పెందుర్తి అక్క:
వాడుకోండి. పెందుర్తి అని మాత్రం పెట్టొద్దు.

మందుల షాపు:
తెలీదు బాబూ. చీటీ మీద ఆడమనిషి పేరే ఉండేది, వయసు 68. వాడు చెప్పే మోకాళ్ళ నొప్పి మాత్రం అబద్ధం కాదనిపించేది.

షాపు సీన్ సెట్ వెయ్యకు, తెలిసిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం మేం మూసేస్తాం, రెండు గంటలు వచ్చి తీసుకో. ట్యూబ్‌లైట్ ఒకటి మిణుకుమిణుకుమంటుంది, మార్చమంటే మారుస్తాను. అరల్లో మందులు మాత్రం ముట్టుకోవద్దు, సోమవారం లెక్క తేడా వస్తే నాకు టెన్షన్.