బిల్లు కింద ‘ఆలస్యమైతే 2 శాతం’ అని వేస్తే ఎవరైనా కట్టారా?

ఆటోనగర్ లేత్:
నాది విశాఖ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగు, నాతో కలిపి నలుగురం. పరవాడ వైపు ఒక మందుల కంపెనీకి పంపు షాఫ్టులు, బుష్‌లు చేసిస్తాను. నవంబరు 12న వేసిన బిల్లు 1,86,400. గడువు 30 రోజులు. ఇవాళ ఫిబ్రవరి 14. ఫోన్ చేస్తే అకౌంట్స్ ఆయన ‘ఫైలు సార్ టేబుల్ మీద ఉంది’ అంటాడు. సంక్రాంతి ముందూ అదే టేబులు. పండక్కి కుర్రాళ్లకి ఇవ్వడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. రౌండ్ బారు ఇచ్చే సేటు మాత్రం నెల దాటితే నా దగ్గర నూటికి రూపాయిన్నర ముక్కు పిండి వసూలు చేస్తాడు.

నా బిల్లు కింద కూడా నెలకి 2 శాతం అని అచ్చు వేయించాను. ఆ లెక్కన రెండు నెలలకి 7,456. వేసి పంపితే ‘ఇదేటి గురూ, మా ఆర్డర్‌లో లేదు’ అని నవ్వాడు. అడగడం తప్పా?

రిటైర్డ్ పర్చేజ్:
తప్పేం లేదు తమ్ముడూ, చోటు తప్పు. నేను పర్చేజ్‌లో ఇరవై ఏళ్లు కూర్చున్నాను. వచ్చే బిల్లుల్లో సగానికి కింద ఆ లైను ఉండేది, ఒక్కసారి కూడా చదవలేదు. పని మొదలెట్టే ముందే కొటేషన్‌లో రాసి, వాళ్ల పర్చేజ్ ఆర్డర్‌లోకి ఎక్కించుకోవాలి. సరుకు దిగాక వచ్చిన కాగితం మీద షరతు పెడితే ఎవరు ఒప్పుకుంటారు?

డాబాగార్డెన్స్ అకౌంట్స్:
అన్నా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? సరుకు పంపక ముందే తీసుకున్నదైతే మీ 2 శాతం గొడవే వద్దు. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 అనుకుంటే ఏడాదికి 18 శాతం అన్నమాట. ఇది వాళ్ల ఆర్డర్‌లో ఉండక్కర్లేదు. ఇవ్వకపోతే ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు.

కానీ వాళ్లకి అసలు నొప్పి మార్చి 31న. 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బీ(హెచ్) అని ఒక నిబంధన తెచ్చారు కదా, సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువు దాటి బాకీ ఉంచితే ఆ ఏడాది ఆ ఖర్చుని ఆదాయంలోంచి తీసేయనివ్వరు. అప్పుడు వాళ్ల ఆడిటరే మీ పేరు వెతుక్కుంటాడు. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటితే మీ బిల్లు మీద వాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ కూడా వెనక్కి కట్టాలి. అందుకే ఉత్తరం అకౌంట్స్‌కి కాదు, ఫైనాన్స్ మేనేజర్‌కి పెట్టండి.

ఒకవేళ వడ్డీ వస్తే దాని మీదా జీఎస్టీ ఉంటుంది, చేతికొచ్చినప్పుడు కట్టాలి. బిల్లు మీద జీఎస్టీ 18 శాతం అయితే దీని మీదా 18 శాతమే. దానికి డెబిట్ నోట్ (బిల్లు తర్వాత అదనపు సొమ్ముకి వేసే కాగితం) రాయండి.

గాజువాక వాటర్ క్యాన్లు:
చట్టం బానే ఉంది. నేను ఒక లాడ్జికి లేట్ ఫీజు వేశాను. ఆ 300 ఇచ్చారు, మర్నాటి నుంచి వేరే వాడి క్యాన్లు దిగాయి.

ఆటోనగర్ లేత్:
ఉద్యమ్ 2021లోనే తీశాను, సర్టిఫికెట్ షాపులో దేవుడి పటం పక్కనే వేలాడుతోంది. బిల్లు మీద మాత్రం ఆ నంబరు ఎప్పుడూ వేయలేదు, నాదే బుద్ధి తక్కువ. ఫైనాన్స్ మేనేజర్‌కి ఇవాళే మెయిల్ పెట్టాను, బిల్లు కాపీ, సర్టిఫికెట్ జతచేసి. వడ్డీ ఊసు ఎత్తలేదు, మార్చి 31 సంగతి ఒక్క లైను రాశాను. క్యాన్ల అన్న చెప్పింది మనసులో పెట్టుకున్నాను, ఆ కంపెనీ నాకు సగం పని. కొత్త కొటేషన్‌లో మాత్రం నూటికి రూపాయిన్నర అని పెట్టాను, సేటు రేటే.

ఉద్యమ్ నంబరుతో రబ్బరు స్టాంపు చేయించాను. మా చిన్నోడు బిల్లు పుస్తకం అంతా కొట్టేశాడు, అట్ట మీద కూడా.