పలువురతో ‘నిగ్రహించి’యా, ‘విగ్రహించి’యా?

పిపీలిక: సింగపూర్‌లో మా తెలుగువాళ్ల కూడికలో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల సంఘం) గురించి కాసేపు మాట్లాడాలి. ఇంత చిన్న దేశం పక్కవాళ్లతో కలిసి తన భద్రత ఎలా చూసుకుంటోందన్నది విషయం. సుమతి శతకంలోని చలిచీమల పద్యంతో మొదలుపెడదామని కూర్చుంటే రెండో పాదం దగ్గర ఆగిపోయాను. అచ్చులో ‘పలువురతో నిగ్రహించి పలుకుట మేలా’ అని ఉంది. నా చెవిలో మాత్రం ‘విగ్రహించి’ అని మోగుతోంది. ఆ పాఠం ఇంకెవరైనా విన్నారా?

అరసున్న: నిగ్రహించియే. నేను చూసిన ప్రతులన్నిటిలో అంతే. అన్నట్టు నాలుగో పాదంలో ‘చేత జిక్కి’ అనాలి, ద్రుతం తరువాత సరళం రావాలి కదా. సభలో ‘చేత చిక్కి’ అనకండి.

విసర్గ: ప్రతుల మాట సరే, వ్యాకరణం మాటేమిటి? నిగ్రహించడానికి కర్మ కావాలి. ఇంద్రియాలను నిగ్రహిస్తాం గాని ఇంద్రియాలతో నిగ్రహించం. ‘పలువురతో’ అన్నాక విగ్రహించడమే కుదురుతుంది. రాజనీతిలో సంధి, విగ్రహం (అంటే కయ్యం) జంటపదాలు. నీతిశాస్త్రముక్తావళి చెప్పిన బద్దెనకు ఆ మాట తెలియదా? ఛందస్సూ అడ్డురాదు. యతి ప–పలకు. ‘గ్ర’ ముందు నికారమైనా వికారమైనా గురువే, గణం కదలదు.

అరసున్న: ఛందస్సు అడ్డురాని ప్రతి మాటా పాఠాంతరమే అయితే శతకాన్ని మనమే తిరగరాసుకోవచ్చు. ‘పలువురతో’ అన్నది ‘పలుకుట’తో అన్వయిస్తుంది. పలువురతో, వాళ్లను అణచేస్తూ, మాట్లాడటం మంచిదా అని. మధ్యలో ఒక్క మాట దాటితే దూరాన్వయం అయిపోదు. సుమతి బద్దెనదే అన్నది కూడా అందరూ ఒప్పుకున్న మాట కాదు.

తాళపత్రం: ఇద్దరూ మూలం చూడరేం? పంచతంత్రం, కాకోలూకీయం: ‘బహవో న విరోద్ధవ్యాః’. అక్కడున్నది విరోధం. అందువల్ల అర్థంలో విసర్గగారికి ఒక మార్కు, అక్షరంలో సున్న. అసలు తగాదా రెండో పాదంలో లేదు, ‘స్ఫురంతమపి నాగేంద్రం భక్షయంతి పిపీలికాః’ (గిలగిలలాడుతున్నా నాగేంద్రాన్ని చీమలు తినేస్తాయి) అన్నచోట ఉంది. నాగమంటే పామా, ఏనుగా? శ్లోకాన్ని విడిగా చదివితే నాకు ఏనుగే కనబడుతుంది.

విసర్గ: కథలో ఉన్నది ఇరుకు కన్నంలోంచి బయటపడబోయి ఒళ్లు గీరుకున్న నల్లతాచు. ఏనుగును ఆ కన్నంలో ఎలా దూర్చారు?

తాళపత్రం: కథ కంటే శ్లోకం పాతది కావచ్చు కదా.

పిపీలిక: అయ్యా, నా ప్రసంగం! పద్యం సందర్భానికి సరిపోతుందా, అది చెప్పండి. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఐదు దేశాలు సంతకాలు చేశాయి. అప్పటికి సింగపూర్ విడి దేశమై రెండేళ్లు. పెద్ద చేప చిన్న చేపను, చిన్న చేప రొయ్యను తినే లోకంలో మనం విషపు రొయ్య కావాలని అంతకు ముందు ఏడాదే అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ అన్నారు. రొయ్యలా మొదలై చీమల దండులో చేరిన దేశం అని చెబుదామనుకున్నాను.

అరసున్న: సరిపోదు. ఆ పద్యం పాముకు చెప్పిన నీతి. ‘బలవంతుడ నాకేమని’ విర్రవీగేవాడికి హెచ్చరిక. చీమలు ఒప్పందం చేసుకున్నాయని ఎక్కడా లేదు. పైగా ఆ ఐదింటిలో ఇండోనేషియా ఒకటి. 1963 నుంచి 66 దాకా ‘కన్‌ఫ్రంటాసి’ పేరుతో మలేషియా మీద కయ్యానికి దిగినది ఆ దేశమే. సింగపూర్‌లో మెక్‌డొనాల్డ్ హౌస్ బాంబు 1965 మార్చి నాటిది. పాము కూడా చీమల సభలో సభ్యత్వం తీసుకుంది. దానికి సుమతిలో పద్యం లేదు.

విసర్గ: అందుకే విగ్రహించి అంటున్నాను! ఆ బాంబు పెట్టిన ఇద్దరు ఇండోనేషియా మెరైన్లను సింగపూర్ 1968లో, అంటే ఆసియాన్ పుట్టాక, ఉరితీసింది. 1973లో లీ జకార్తా వెళ్లి వాళ్ల సమాధుల మీద పూలు చల్లారు. అది విగ్రహం, ఇది సంధి.

అరసున్న: చరిత్రతో పాఠనిర్ణయం చేయడం ఇప్పుడే చూస్తున్నాను.

తాళపత్రం: హితోపదేశం పట్టుకోండి. ‘తృణైర్గుణత్వమాపన్నైర్బధ్యంతే మత్తదంతినః’. గడ్డిపరకలు తాడైతే మదపుటేనుగునైనా కట్టేస్తాయి. ఆసియాన్ చిహ్నంలో ఉన్నది కట్టకట్టిన పది వరికంకులే కదా. (2025లో తిమోర్ చేరి దేశాలు పదకొండయ్యాయి, అది వేరే సంగతి.)

అరసున్న: శ్లోకం బాగుంది గాని ‘గుణత్వం’ దగ్గర జారింది. గుణమంటే తాడు, అంటే పేనాలి. ఏకాభిప్రాయం లేనిదే ఆసియాన్ అడుగు వేయదు, అది సైనిక కూటమీ కాదు. పన కట్టారు, తాడు పేనలేదు. పేనింది చూడాలంటే మలక్కా జలసంధికి వెళ్లండి. 2004 నుంచి ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ ఓడదొంగల మీద కలిసి గస్తీ కాస్తున్నాయి. తరువాత థాయిలాండ్ చేరింది. చీమలే కావాలంటే 1992లో ఐక్యరాజ్యసమితిలో సింగపూర్ చొరవతో ఏర్పడ్డ చిన్న దేశాల వేదిక ఉంది. పదహారింటితో మొదలై ఇప్పుడు వంద దాటింది.

నెల్లూరి నెరజాణ: ఇంత మాట్లాడి తిక్కన పేరెత్తలేదేం? శాంతిపర్వంలో ఎలుకా పిల్లీ కథ మరిచారా? వలలో పిల్లి, కింద ముంగిస, కొమ్మ మీద గుడ్లగూబ, మధ్యలో ఎలుక. పిల్లితోనే సంధి చేసుకుని దాని ఒళ్లో దాక్కుంటుంది. వల తాళ్లు మాత్రం వేటగాడు కనబడేదాకా తెగకొరకదు. తిక్కనకు ఇది పుస్తకజ్ఞానం కాదు. మనుమసిద్ధిది చిన్న రాజ్యం. దాయాదులు గద్దె లాక్కుంటే, గణపతిదేవుడి దగ్గరికి వెళ్లి కాకతీయుల సాయం తెచ్చింది మా తిక్కన మంత్రే అని చెబుతారు. చిన్న రాజ్యపు రాయబారి చేతిలో ఆ కథ ఎలా నడిచి ఉంటుందో ఊహించుకుని మళ్లీ చదవండి.

విసర్గ: ‘మా తిక్కన’ట! కవిత్రయంలో మూడోవంతు నెల్లూరుకు రాసిచ్చేసినట్టుంది. ఆపద తీరాక పిల్లి స్నేహానికి పిలిస్తే ఆ ఎలుక రానంటుంది, కారణం తీరింది, స్నేహమూ తీరిందని. సింగపూర్ అలా చేయలేదే. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, మలేషియాలతో 1971లో కుదిరిన రక్షణ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

నెల్లూరి నెరజాణ: వేటగాడు వెళ్లిపోయాడని మీకెవరు చెప్పారు?

తాళపత్రం: ఆ ఎలుక పేరు పలితుడు. పలితమంటే నెరిసిన జుట్టు, దాని మీద నాకో సిద్ధాంతం ఉంది. రేపు రాస్తాను.